ఎంసీబీ ఉంది కదా అంటే సరిపోదు: వర్క్‌షాపు మోటారు వైరింగ్‌లో ఏది ఎవరికి కాపలా

విశాఖలో గాజువాక ఆటోనగర్‌లోనో కంచరపాలెం పారిశ్రామికవాడలోనో కొత్తగా షెడ్డు పెట్టినవాళ్లు చేసే పని దాదాపు ఒకేలా ఉంటుంది. సెకండ్ హ్యాండ్‌లో లేత్ మెషినో, కర్ర పనికి ప్లేనరో, డ్రిల్లింగ్ మెషినో కొంటారు, మోటారు విడిగా ఇంకెక్కడో తెస్తారు, ఎలక్ట్రీషియన్ వచ్చి నాలుగు వైర్లు బిగిస్తాడు, స్విచ్ వేయగానే తిరుగుతుంది, అక్కడితో పని అయిపోయిందనుకుంటారు. సేఫ్టీ సంగతేంటని అడిగితే వచ్చే జవాబు కూడా ఒక్కటే: "ఎంసీబీ పెట్టించాం కదండీ, ఇంకేం భయం?"

పెట్టించడం మంచిదే. కానీ ఎంసీబీ అంటే ఎక్కువ కరెంటు పారితే తనంతట తానే పడిపోయే స్విచ్, అది కాపలా కాసేది వైరుకి. మోటారుకి కాదు, మెషిన్ మీద చెయ్యి వేసే మనిషికి అసలే కాదు. మోటారు దగ్గర జరిగే ప్రమాదాలు నాలుగు రకాలు. వైరు కాలడం, మోటారు కాలడం, మనిషికి షాక్ కొట్టడం, ఆగి ఉన్న మెషిన్ తనంతట తానే తిరగడం. ఒక్కోదానికి ఒక్కో రక్షణ ఉంది, ఒకదాని పని ఇంకొకటి చేయలేదు. ఇదొక్కటి బుర్రకెక్కితే డీవోఎల్, ఓవర్‌లోడ్ రిలే, ఆర్‌సీసీబీ, ఎర్త్ పిట్ అని షాపులో వినపడే పేర్లన్నీ వాటి వాటి చోట్ల కూర్చుంటాయి.

మొదలు పెట్టాల్సింది మోటారు మీద ఉన్న నేమ్‌ప్లేట్‌తో. పాత మోటారైతే దాని మీద రెండు మూడు పొరల పెయింటు ఉంటుంది, బ్లేడుతో గోకకుండా థిన్నర్‌లో ముంచిన గుడ్డతో తుడవండి, అక్షరాలు బయటపడతాయి. ఉదాహరణకి 5 హెచ్‌పీ త్రీఫేజ్ మోటారు తీసుకుందాం. ప్లేట్ మీద 3.7 కిలోవాట్లు, 415 వోల్టులు, సుమారు 7.5 ఆంపియర్లు, 1440 ఆర్‌పీఎం, డెల్టా (వైండింగ్‌లు కలిపే పద్ధతి, కింద చెప్తాను) అని ఉంటుంది. ఇందులో మనకి ప్రాణం లాంటి అంకె ఆ 7.5. ఫుల్ లోడ్‌లో మోటారు తినే కరెంటు అది, మిగతా లెక్కలన్నీ అక్కడి నుంచే.

స్టార్ట్ చేసిన క్షణంలో మాత్రం మోటారు అంతకి ఆరేడు రెట్లు లాగుతుంది, అంటే 45 ఆంపియర్ల పైమాటే, వేగం అందుకున్నాక దిగిపోతుంది. ఎంతటి క్షణికమైన పోటుకి ఎంసీబీ పడుతుందో చెప్పే రకాన్ని కర్వ్ అంటారు. ఇంట్లో లైట్లకి వాడే బీ కర్వ్ ఎంసీబీ ఈ దెబ్బకి పడిపోతుంది. సీ కర్వ్ కూడా రేటింగ్ దగ్గరగా ఉంటే ఒక్కోసారి పడిపోతుంది. అలా రెండుసార్లు పడగానే జరిగేదేంటంటే, 16 ఆంపియర్లది తీసేసి 32ది పెట్టేస్తారు, వైరు మాత్రం పాతదే, ఒకటిన్నర స్క్వేర్ ఎంఎం. ఇప్పుడు వైరుకి కూడా కాపలా పోయినట్టే. అది వేడెక్కి ఇన్సులేషన్ కరుగుతున్నా 32 ఆంపియర్ల ఎంసీబీకి పట్టదు. సరైన మందు రేటింగ్ పెంచడం కాదు, కర్వ్ మార్చడం. మోటార్ల కోసమే డీ కర్వ్ ఉంది, రేటింగ్‌కి 10 రెట్ల దాకా వచ్చే క్షణికమైన పోటుని ఓర్చుకుంటుంది. మన 5 హెచ్‌పీకి డీ కర్వ్ 16, రెండున్నర స్క్వేర్ ఎంఎం రాగి వైరు మామూలు దూరాలకి సరిపోతాయి. దూరం బాగా ఎక్కువైతే, పైపులో వైర్లు కిక్కిరిసి ఉంటే ఇంకో సైజు పెంచాలి.

సరే, సరైన ఎంసీబీ పెట్టాం. ఇప్పుడు లేత్ మీద లోతుగా కోత పెట్టారనుకోండి, లేదా బేరింగ్ పట్టేసింది, మోటారు 7.5కి బదులు 15 ఆంపియర్లు లాగుతోంది. ఎంసీబీ రేటింగ్ 16. దానికి ఇదేమీ పట్టదు, గంటసేపైనా హాయిగా ఊరుకుంటుంది. కానీ వైండింగ్‌లో పుట్టే వేడి కరెంటు వర్గానికి తగ్గట్టు పెరుగుతుంది, కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు. మోటారు కాలిన వాసన వచ్చేది అప్పుడే, ఎంసీబీ మాత్రం పైకే ఉంటుంది, "ఎంసీబీ పడలేదు, మోటారెలా కాలింది" అని అందరూ తలలు పట్టుకుంటారు.

మోటారుకి కాపలా ఓవర్‌లోడ్ రిలే. స్టార్టర్ డబ్బా (మోటారుని ఆన్, ఆఫ్ చేసేది) మూత తీస్తే కాంటాక్టర్ (కాయిల్ లాగుడుతో మోటారుకి కరెంటు కలిపే స్విచ్) కింద అతుక్కుని ఉంటుంది, దాని మీద చిన్న డయల్, స్క్రూడ్రైవర్‌తో తిప్పేది. దాన్ని నేమ్‌ప్లేట్ మీద ఉన్న ఆంపియర్ల దగ్గర పెట్టాలి, అంతే. చాలా షెడ్లలో మూత తీసి చూస్తే ఆ డయల్ చివరిదాకా తిప్పేసి ఉంటుంది, "మాటిమాటికీ ట్రిప్ అవుతోంది" అని. ట్రిప్ అవుతోందంటే మోటారు ఎక్కువ లాగుతోందని అర్థం. బెల్టు మరీ బిగువుగా ఉందా, బేరింగ్ పోయిందా, వోల్టేజీ తక్కువగా ఉందా, ఒక ఫేజులో కనెక్షన్ లూజుగా ఉందా అని వెతకాలి తప్ప డయల్ ముట్టుకోకూడదు. రీసెట్ కూడా మాన్యువల్‌లోనే ఉంచండి. ఆటోలో పెడితే రిలే చల్లారాక దానంతట అదే కలుస్తుంది, కంట్రోల్ వైరింగ్‌ని బట్టి మెషిన్ చెప్పాపెట్టకుండా మళ్లీ తిరిగే వీలుంది.

ఇందులో ఒక మెలిక ఉంది, అనుభవమున్నవాళ్లు కూడా తప్పు చేసేది ఇక్కడే. 10 హెచ్‌పీ మోటారుకి స్టార్-డెల్టా స్టార్టర్ (స్టార్‌లో మొదలుపెట్టి, వేగం అందుకున్నాక డెల్టాకి మార్చేది) పెట్టినప్పుడు రిలే సాధారణంగా మెయిన్ కాంటాక్టర్ కింద, మోటారు వైండింగ్‌కి వెళ్లే దారిలో ఉంటుంది. అక్కడ పారేది లైన్ కరెంటు కాదు, దానిలో 58 శాతమే. నేమ్‌ప్లేట్ 14 ఆంపియర్లు అంటే డయల్ 8.1 దగ్గర ఉండాలి. 14 దగ్గర పెట్టారంటే రిలే ఉన్నా లేనట్టే, మోటారు 24 ఆంపియర్లు లాగేదాకా దానికి చీమ కుట్టినట్టైనా ఉండదు.

మోటార్లు ఎక్కువగా కాలేది మాత్రం ఒక ఫేజు పోయినప్పుడు. స్తంభం దగ్గర జంపర్ తెగినా, పింగాణీ ఫ్యూజుల్లో ఒకటి పోయినా, తిరుగుతున్న మోటారు ఆగదు, మిగిలిన రెండు ఫేజుల మీదే గుర్రుమంటూ తిరుగుతుంది. అదే లోడు మోయాలంటే ఆ రెంటిలో కరెంటు సుమారు 1.73 రెట్లు అవుతుంది. మోటారు మీద అప్పటికి సగం లోడే ఉంటే ఆ పెరిగిన కరెంటు కూడా డయల్ అంకెని దాటకపోవచ్చు, మామూలు రిలే చూస్తూ ఊరుకుంటుంది, లోపల మాత్రం వేడి పెరుగుతూనే ఉంటుంది. అందుకే ఫేజు పోతే కనిపెట్టే రిలే గానీ, విడిగా సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ గానీ తప్పనిసరి. రీవైండింగ్ ఖర్చుతో పోలిస్తే దాని ధర ఏపాటి! ఫేజులు మూడూ ఉన్నా వాటి మధ్య వోల్టేజీల్లో చిన్న తేడా వస్తే కరెంట్లలో తేడా శాతం దానికి ఆరు నుంచి పదింతలు అవుతుంది, కాబట్టి మల్టీమీటర్‌తో మూడు జతలూ కొలిచి చూసుకోవాలి. నియాన్ టెస్టర్ వెలిగింది కదా అని మూడు ఫేజులూ ఉన్నాయనుకోవద్దు. తెగిన ఫేజు కూడా మోటారు వైండింగ్ మీదుగా వెనక్కి వచ్చే కరెంటుతో టెస్టర్‌ని వెలిగిస్తుంది.

ఇక టెర్మినల్ బాక్స్. మూత తీస్తే రెండు వరసల్లో ఆరు స్టడ్లు కనపడతాయి. కింది వరసలో యూ1, వీ1, డబ్ల్యూ1, పై వరసలో డబ్ల్యూ2, యూ2, వీ2. ఆ పై వరస అలా జరిపి పెట్టడం కావాలని చేసిందే, దాని వల్ల ఇత్తడి పట్టీలు నిలువుగా పెడితే డెల్టా, పై మూడింటినీ అడ్డంగా కలిపితే స్టార్ అవుతుంది. మన దగ్గర అమ్మే త్రీఫేజ్ మోటార్లలో 3 హెచ్‌పీ దాకా చాలావరకు 415 వోల్టులకి స్టార్‌లో నడిచేవే ఉంటాయి, ఆపైన డెల్టా. కానీ "చాలావరకు" అన్న మాట నమ్మి పట్టీలు పెట్టకండి, ప్లేట్ చదవండి. స్టార్‌లో నడవాల్సినదాన్ని డెల్టాలో పెడితే 240 వోల్టులు పడాల్సిన వైండింగ్ మీద 415 పడుతుంది, నిమిషాల్లో మసి. తిరగేస్తే, డెల్టా మోటారుని స్టార్‌లో పెడితే, ఖాళీగా బాగానే తిరుగుతుంది, అందుకే దొరకదు. టార్క్ మూడో వంతుకి పడిపోయి, పని పెట్టగానే మూలుగుతుంది, వేడెక్కుతుంది.

ఆ స్టడ్ దగ్గరే ఇంకొక్క చిన్న విషయం ఉంది, కంటికి ఆనదు. పట్టీ మీద నేరుగా లగ్ (వైరు చివర నొక్కించే లోహపు కన్ను) కూర్చోవాలి, దాని మీద వాషర్, ఆ పైన నట్. లగ్‌కీ పట్టీకీ మధ్య ఇనుప వాషర్ దూరిందంటే కరెంటంతా ఆ వాషర్ గుండా పోవాలి, జాయింట్ వేడెక్కుతుంది, వేడికి నట్ వదులవుతుంది, వదులైనకొద్దీ ఇంకా వేడి. కాలిన టెర్మినల్ బ్లాకులు విప్పి చూస్తే ఇలాంటివి దొరుకుతాయి. లగ్‌ని కటింగ్ ప్లేయర్‌తో నొక్కి, సుత్తితో రెండు దెబ్బలు వేసి సరిపెట్టడం కూడా అంతే, క్రింపింగ్ టూల్‌తోనే నొక్కించండి. రీవైండ్ చేసిన మోటారులో గుర్తుల్లేని ఆరు వైర్లు బయటికి వచ్చి ఉంటే, మల్టీమీటర్‌తో జతలు తెలుస్తాయి గానీ ఏది మొదలు ఏది చివర అన్నది తెలియదు. ఒక్క జత తిరగబడినా మోటారు గర్జిస్తుంది, ఫేజుల కరెంట్లు ఒకదానికొకటి పొంతన ఉండవు. అలా ఉంటే వెంటనే ఆపి రీవైండింగ్ చేసినవాళ్లతోనే గుర్తులు వేయించాలి.

స్టార్టర్ చేసే ఇంకో పని గురించి ఎవరూ మాట్లాడరు, నా లెక్కలో చేతివేళ్లు కాపాడేది అదే. మోటారుని నేరుగా లైనుకి కలిపే డీవోఎల్ స్టార్టర్‌లో పచ్చ బటన్ నొక్కితే కాయిల్‌కి కరెంటు వచ్చి కాంటాక్టర్ లాగుతుంది, ఆ లాగుడుతోనే ఒక చిన్న కాంటాక్ట్ మూసుకుని, బటన్ వదిలేసినా కాయిల్‌ని పట్టి ఉంచుతుంది. కరెంటు పోగానే కాయిల్ వదిలేస్తుంది. తిరిగొచ్చినా ఎవరో ఒకరు బటన్ నొక్కితే తప్ప మోటారు తిరగదు. అదే మోటారుని టోగుల్ స్విచ్ మీదో, మెయిన్ స్విచ్ మీదో నేరుగా పెట్టారనుకోండి. మధ్యాహ్నం గాలివాన, కరెంటు పోయింది, ప్లేనర్ ఆగిపోయింది, కుర్రాడు బ్లేడు దగ్గర ఇరుక్కున్న చెక్కపేళ్లు చేత్తో తీస్తున్నాడు, స్విచ్ ఆన్‌లోనే ఉండిపోయింది. కరెంటు ఎప్పుడొస్తుందో ఎవరికి తెలుసు? విశాఖలో గాలులకి కరెంటు పోయిరావడం మామూలే కాబట్టి ఇది ఊహించుకున్న భయం కాదు. చిన్న బెంచ్ గ్రైండర్‌కైనా, కట్టర్‌కైనా కరెంటు పోతే వదిలేసే స్టార్టరే పెట్టండి. పుట్టగొడుగు తల ఉన్న ఎర్ర ఎమర్జెన్సీ బటన్ నిలబడిన చోటి నుంచి చెయ్యి చాస్తే అందాలి, గోడ అవతల కాదు.

ఇప్పుడు మనిషి సంగతి. చెమట పట్టిన ఒంటికి కరెంటు తగిలినప్పుడు శరీరం నిరోధం 1500 ఓమ్‌లు అనుకుందాం. 240 వోల్టులకి దాదాపు 160 మిల్లీ ఆంపియర్లు పారతాయి. మనిషి ప్రాణం తీయడానికి అది చాలు, 16 ఆంపియర్ల ఎంసీబీకి మాత్రం అది నూరో వంతు. మనిషి పోతున్నా దానికి తెలియదు.

"ఎర్త్ ఉంది కదా" అంటారు. ఎర్త్ ఉంటే ఏమవుతుందో లెక్క వేద్దాం. మోటారు లోపల ఒక ఫేజు బాడీకి తగిలింది. మన ఎర్త్ పిట్ (ఎర్త్ కోసం నేలలో తవ్విన గొయ్యి) నిరోధం 8 ఓమ్‌లు, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి న్యూట్రల్ ఎర్త్ 2 ఓమ్‌లు అనుకుందాం. మొత్తం 10, పారే కరెంటు 24 ఆంపియర్లు. 25 ఆంపియర్ల ఎంసీబీ పడదు. 16ది అయినా చాలాసేపటికి గానీ పడదు. అప్పటిదాకా మెషిన్ బాడీ మీద 24 గుణించు 8, అంటే 192 వోల్టులు నిలబడి ఉంటాయి! ఎర్త్ ఉండి కూడా. మన ఊళ్లో కొండల పక్కన రాతినేల, ఎర్రమట్టి ఉన్నచోట్ల వేసవిలో నేల ఎండిపోతే పిట్ నిరోధం ఈ 8 కంటే ఇంకా పైకి పోతుంది. ఇక్కడ పనికొచ్చేది ఆర్‌సీసీబీ. వెళ్లిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ సమానంగా ఉన్నాయా అని చూస్తూ, 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే రెప్పపాటులో తెంచేస్తుంది. ఎర్త్ బాగుంటే మనిషి బాడీని ముట్టుకోకముందే ట్రిప్ అవుతుంది, ఎర్త్ లేకపోతే మనిషి ముట్టుకున్నాక అవుతుంది. అందుకే రెండూ కావాలి, ఒకటుంటే ఇంకోటి అక్కర్లేదు అనే బేరం ఇక్కడ పనికిరాదు.

ఆర్‌సీసీబీ మీద టెస్ట్ బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కి చూడాలి. త్రీఫేజ్‌లో చాలా మోడళ్లకి న్యూట్రల్ వైరు కలపకపోతే ఆ బటన్ పనిచేయదు, మోటారుకి న్యూట్రల్ అక్కర్లేదని ఎలక్ట్రీషియన్ దాన్ని వదిలేస్తాడు, ఆర్‌సీసీబీ దాకా లాగమని చెప్పండి. ఆర్‌సీసీబీ పెట్టగానే పాత గ్రైండర్ ఆన్ చేసినప్పుడల్లా పడిపోతోందంటే తప్పు ఆర్‌సీసీబీది కాదు, ఆ గ్రైండర్ ఇన్నాళ్లూ లీక్ అవుతూనే ఉంది, ఇప్పుడు దొరికింది.

అన్నిటికంటే ఘోరమైన అలవాటు, ఎర్త్ పిట్ తవ్వించడం ఎందుకని న్యూట్రల్ వైరునే మోటారు బాడీకి కట్టేయడం. న్యూట్రల్ బాగున్నంతకాలం ఏమీ అనిపించదు. స్తంభం దగ్గర న్యూట్రల్ తెగిన రోజున షెడ్డులో వెలుగుతున్న ప్రతి బల్బు గుండా, ఫ్యాను గుండా కరెంటు ఆ బాడీ మీదికే వచ్చి నిలుస్తుంది, మోటారు ఆఫ్‌లో ఉన్నా సరే. దీన్ని ఎవరి దగ్గర చూసినా ఆ రోజే తీయించండి. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనల ప్రకారం స్థిరంగా బిగించిన త్రీఫేజ్ మోటారు ఫ్రేముకి రెండు విడివిడి ఎర్త్ కనెక్షన్లు ఉండాలి, ఒకటి తెగినా ఇంకోటి పట్టి ఉంచడానికి. ఆ రెండు తీగలూ పెయింటు మీద కాదు, పెయింటు గీకి మెరిసే లోహం మీద బిగించాలి.

ఎర్త్ తీగలకైనా టెర్మినళ్లకైనా మన ఊరి అసలు శత్రువు సముద్రపు గాలి. ఉప్పు, తేమ కలిసి ఇనుప బోల్టుని తుప్పు పట్టిస్తాయి, రాగి లగ్ మీద పచ్చటి చిలుము తెస్తాయి. తగరపు పూత ఉన్న లగ్‌లు వాడండి, బిగించాక పెట్రోలియం జెల్లీ పలచగా పూయండి, కేబుల్ గ్లాండ్ (వైరు బాక్సులోకి దూరే చోటి బిగింపు) కిందికి చూసేలా పెట్టండి, నీళ్లు వైరు వెంట జారి బాక్సులోకి రావు. పిట్‌లో ఉప్పు వేస్తే నిరోధం తగ్గుతుంది గానీ పైపుని తినేస్తుంది, ఏడాదికోసారి కొలిపించాలి, వేసవిలో నీళ్లు పోయాలి.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు షెడ్ల రేకులు ఎగిరిపోయాయి. అలా తడిసిన మోటారుని, లేదా చాలాకాలం మూలన పడి ఉన్నదాన్ని, ఆరినట్టు కనిపించింది కదా అని ఆన్ చేయకూడదు. పట్టీలు తీసి, 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ నిరోధం కొలిచే మీటరు) ఒక్కో వైండింగ్‌కీ బాడీకీ మధ్య, వైండింగ్‌కీ వైండింగ్‌కీ మధ్య కొలవాలి. కనీసం 1 మెగాఓమ్ రావాలి, ఆరోగ్యంగా ఉన్నదానికి వందల్లో వస్తుంది. ఉప్పునీళ్లు తగిలితే ముందు మంచినీళ్లతో కడిగి, అప్పుడు నెమ్మదిగా వెచ్చగా ఆరబెట్టాలి. కడక్కుండా ఆరబెడితే ఉప్పు లోపలే ఉండిపోయి, మళ్లీ తేమ తగలగానే లీకేజీ మొదలు.

సింగిల్ ఫేజ్ మోటార్ల గురించి రెండు ముక్కలు. వాటి కెపాసిటర్ కరెంటు తీసేశాక కూడా చార్జ్ పట్టి ఉంచుతుంది, టెర్మినల్స్‌కి ఒక బల్బు తగిలించి డిస్‌చార్జ్ చేశాకే ముట్టుకోవాలి. 1 హెచ్‌పీ దాటిన కంప్రెషర్‌ని 6 ఆంపియర్ల ప్లగ్గులో, ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద నడపకండి. త్రీఫేజ్ లేక వీఎఫ్‌డీ (సింగిల్ ఫేజ్‌ని త్రీఫేజ్‌గా మార్చి ఇచ్చే ఎలక్ట్రానిక్ డ్రైవ్) పెట్టి త్రీఫేజ్ మోటారు నడిపేవాళ్లు ఈమధ్య పెరిగారు, పద్ధతి మంచిదే. సింగిల్ ఫేజ్ 230తో నడిచే వీఎఫ్‌డీ ఇచ్చేది కూడా 230 వోల్టుల త్రీఫేజే కాబట్టి, 230 డెల్టా, 400 స్టార్ అని రాసి ఉన్న మోటారుని అక్కడ డెల్టాలో కలపాలి, మెగ్గర్ పెట్టేముందు వీఎఫ్‌డీని తప్పకుండా విప్పాలి, లేదంటే అది పోతుంది.

పని చేసేటప్పుడు పాత ఎలక్ట్రీషియన్లు ఫ్యూజు క్యారియర్ పీకి జేబులో పెట్టుకునేవాళ్లు, ఎవరూ తెలియక ఆన్ చేయకుండా. ఎంసీబీలొచ్చాక ఆ అలవాటు పోయింది. ఎంసీబీకి తగిలించే చిన్న తాళం దొరుకుతుంది, అది వేసి తాళంచెవి జేబులో పెట్టుకోండి. ఈ పని లైసెన్సున్న కాంట్రాక్టర్ చేత చేయించాలన్నది చట్టం, కొత్త మోటారు వల్ల లోడు పెరుగుతుంటే విద్యుత్ పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్‌లో అదనపు లోడు రాయించుకోవాలి. ఈ వ్యాసం చదివింది మీరే స్క్రూడ్రైవర్ పట్టుకోవడానికి కాదు, వచ్చినవాడిని ఏమడగాలో తెలియడానికి.

బిగింపు, పుల్లీ సంగతి తేలికే. మోటారు స్లైడ్ రైళ్ల మీద ఉండాలి, రెండు పుల్లీలూ ఒకే గీతలో ఉండాలి, పుల్లీని సుత్తితో కొట్టి ఎక్కిస్తే బేరింగ్ దెబ్బ తింటుంది, బెల్టు గార్డు లేకుండా స్విచ్ వేయకూడదు.

మొదటిసారి నడిపేటప్పుడు బెల్టు ఎక్కించకుండా రెండు సెకన్లు తిప్పి దిశ చూడండి. తిరగబడి తిరిగితే మూడు ఫేజుల్లో ఏ రెండైనా మార్చితే చాలు. తర్వాత బెల్టు వేసి, నిజమైన పని పెట్టి, టాంగ్ టెస్టర్‌తో (వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే మీటరు) మూడు ఫేజుల కరెంటూ కొలిచి, ఆ మూడు అంకెలు, రిలే డయల్ సెట్టింగు, మెగ్గర్ రీడింగు, తేదీ స్టార్టర్ మూత లోపలి వైపు మార్కర్‌తో రాసిపెట్టండి. పదిహేను రోజులయ్యాక తాళం వేసి టెర్మినళ్లన్నీ ఇంకోసారి బిగించండి, వేడికీ అదురుకీ కొన్ని తప్పకుండా వదులై ఉంటాయి.